సర్వర్ బీ ఎర్ర కారు

ఏం చూస్తున్నవే రమ్యా గా ఫోన్ల, పొద్దటిసంది? కార్లా? ఏదీ, చూపెట్టు. జర దూరం పెట్టవే, దగ్గరుంటె నా కండ్లకు ఆనది. అబ్బో, ఇదేంది ఇల్లంత ఉన్నది! దీన్ల ఎక్కాల్నంటె నిచ్చెన ఎయ్యాలె గద. నువ్వు పొయ్యేది ఏడికి? జగిత్యాల నుంచి కోరుట్లకు. పొద్దుగాల పోతవు, బ్యాంకుల కూసుంటవు, పొద్దుమీకి ఇంటికొస్తవు. గంత దానికి గింత పెద్ద బండా? ఏందీ, సెకండ్ హ్యాండ్ల అగ్గువకు వస్తుందా? అగ్గువకు వస్తే ఏనుగును కొంటవా, ఏడ కట్టేస్తవు మరి? మీ నాయన చెప్పిండా గిది కొనుమని? ఆయన గంతే, పెద్ద బండి ఉంటె నలుగుట్ల ఇజ్జత్ ఉంటదంటడు. నువ్వు ఇట్ల కూసో. ఫోను పక్కకు పెట్టు. కారు ఎట్ల కొనాల్నో నేను చెప్త. నవ్వకు బిడ్డా, నాకు తోలరాదు గని, తోలెటామె పక్కపొంటి ఏండ్లకేండ్లు కూసున్న. సర్వర్ బీ పేరు ఇన్నవా నువ్వు? ఇనలేదా? మీ నాయన ఎన్నడు చెప్పలేదా? చెప్పడు. చిన్నగున్నప్పుడు ఆమె కార్ల ఎక్కించుకపోతే కొత్త సీటు గుడ్డ మీద కక్కిండు. ఆమె ఒక్క మాటనలే. గందుకే ఆయనకిప్పటికి సిగ్గు.

సర్వర్ బీ, నేను ఇద్దరం మల్యాల బళ్లె టీచర్లం. ఆమె లెక్కలు, నేను తెలుగు. ఇద్దరివీ ఇండ్లు ఈడనే, జగిత్యాల్ల, ఒక్కటే గల్లీల. ఇగో, ఇప్పుడు గా జిరాక్స్ దుకాణం ఉన్నది సూడు, గాడ ఆమె మొగడు జానీమియా భాయ్ టైలరు షాపుండె. పెండ్లి షేర్వానీలు కుడితె నిజామాబాద్ దిక్కు నుంచి వచ్చి తీస్కపోతుండిరి. సరే, ఏం చెప్తున్న? ఆఁ, బస్సు. మల్యాల ఎంత దూరమని? ఇట్ల కూసుంటె అట్ల దిగొచ్చు. కని బస్సుల కూసునేడిది ఎక్కడ? మంగళవారం, శనివారం వచ్చిందంటె కొండగట్టు గుడికి పొయ్యే జనం. కొబ్బరికాయల సంచులు, పిల్లలు, ముసలోళ్లు, మొక్కులోళ్లు. ఫుట్‌బోర్డు మీద ఒక్క కాలు పెట్టి, ఇంకో కాలు ఎవల కాళ్ల మీద ఉన్నదో ఎరుకలేక పోతుంటిమి. లేటైతే మా పెద్దసారు, హెడ్మాస్టరు హనుమంత రావు సారు, గేటు కాడనే చేతి గడియారం చూసుకుంట నిలబడుతుండె. తిట్టకపోతుండె. ఊకె గడియారం చూసి, మా మొకం చూసి, మల్ల గడియారం చూస్తుండె. గదే తిట్టు. ఆయన పాత దొరల ఇంటాయన, గొంతు లేపాల్సిన పనే లేకపోతుండె.

ఒకనాడు గట్లనే మంగళవారం బస్సు దిగినం. సర్వర్ బీ చీర కుచ్చిళ్లు మొత్తం చినిగినయి, టిఫిన్ డబ్బ యాడనో పడిపోయింది. ఇంకో ఆడామె అయితే ఏడుస్తుండె. ఈమె కుచ్చిళ్లు చేతిల పట్టుకొని, పొయ్యే బస్సు దిక్కు చూసి, "రత్నమాలా, ఇగ బస్, చాలు. నేను కారు కొంట" అన్నది. నేను నవ్విన. జగిత్యాల్ల గప్పుడు ఆడోళ్లు స్కూటరు నడిపితెనే అందరు ఎనుకకు మల్లి చూస్తుండిరి. "తోలెటోడెవడు?" అని అడిగిన. "తోలెటోడు కాదు, తోలెటామె. నేనే" అన్నది. వాళ్ల నాయన లారీ డ్రైవరట. చిన్నప్పుడు ఒళ్లె కూసోబెట్టుకొని, కాలీ రోడ్డు దొరికితె స్టీరింగ్ ఇస్తుండెనట. కొడుకులు లేరు ఆయనకు. ఉన్న ఒక్క బిడ్డకే గేర్లు, బ్రేకులు, ఇంజనుల నూనె చూసుడు అన్ని నేర్పి సచ్చిపోయిండు. గా ఇద్య అన్నేండ్లు ఆమె చేతులల్ల ఊకె ఉన్నది బిడ్డా, వాడకం లేక.

జానీమియా భాయ్ సరే అన్నడు. అనుడే కాదు, ఊరూరికి కబురు పెట్టిండు, ఎవలన్న పాత కారు అమ్ముతరా అని. ముందుగాల సిరిసిల్లల ఒకటి ఉన్నదన్నరు. సాంచెల ఆసామి ఒకాయన, మస్తు మగ్గాలున్నోడు, అంబాసిడర్ అమ్ముతున్నడని. ఐతారం నాడు ముగ్గురం పోయినం. అబ్బ, ఏం కారు! తెల్లగ, కిటికీలకు పర్దాలు, ముందట జెండా పెట్టెతందుకు కడ్డీ గూడ ఉన్నది. ఆసామి జానీమియా భాయ్ దిక్కే చూసి చెప్తున్నడు, "భాయ్, దీన్ల దిగితె కలెక్టరు దిగినట్టుంటది" అని. సర్వర్ బీ పక్కకే ఉన్నది, ఆమె దిక్కు చూస్తలేడు. ఆమె మెల్లగ తలుపు తీసి డ్రైవరు సీట్ల కూసున్నది. స్టీరింగ్ ఎనుక ఆమె నెత్తి ఒక్కటే కనవడ్తుంది. కాళ్లు అందుతలెవ్వు. గప్పుడు ఆసామి నవ్విండు, "మెత్త ఏసుకోవచ్చు మేడం" అన్నడు. ఆమె దిగి, బానెట్ ఎత్తుమన్నది. నూనె చూసే పుల్ల గుంజి, నూనెను ఏళ్ల నడుమ రాకి, వాసన చూసి, మంచిగుంది అని తలూపింది. మల్ల "బండి మంచిదే సేట్, కని దీన్ల కూసుంటె నన్నెవలో దవాఖానకు తీస్కపోతున్నట్టున్నది. నేను దినాం పొయ్యేది నౌకరికి. పొద్దుగాల ఎక్కంగనే పానం లేసి రావాలె" అన్నది. ఆసామికి సమజ్ కాలే. నాక్కూడ గప్పుడు సమజ్ కాలే.

తర్వాత కోరుట్లకు పోయినం. దివాకర్ అని డాక్టరు, ఆయన చిన్న మారుతి అమ్ముతుండె. ఎర్రది. ఇంటి ముందట జామచెట్టు కింద ఉన్నది. నేను సూడంగనే "గింతేనా?" అన్న. సర్వర్ బీ బండి కాడికి పోయింది. చుట్టూ తిరిగింది. కిందికి వంగి నూనె కారుతుందా చూసింది, టైర్లు చేతితోని తడిమింది, తలుపులు ఏసింది, తీసింది. "జగిత్యాల్ల దీన్ని బాగుచేసెటోళ్లున్నరా డాక్టర్ సాబ్?" అని అడిగింది. "గల్లీకొకడున్నడు" అన్నడాయన. "అయితే జర తోలి చూస్త" అని తాళాలు తీస్కున్నది. మేమందరం ఆమె గా సందు దాక పోయి వస్తదనుకున్నం. పోయింది బిడ్డా, పోయింది పోయింది, రాదు. డాక్టరు గేటు కాడికి పోయి చూస్తడు, లోపలికొస్తడు. జానీమియా భాయ్ టోపీ తీసి చేతిల పట్టుకొని "యా అల్లా, యా అల్లా" అంటున్నడు. డాక్టరమ్మ మాకు రెండోసారి చాయ్ పెట్టింది. గప్పుడు వినవడ్డది హారన్. వచ్చి ఆగింది, దిగింది, మొకం మొత్తం నవ్వు. జుట్టు రేగిపోయింది. చేతిల కాయితపు పొట్లం. మెట్‌పల్లి రోడ్డు మీద ఏడనో ఉడుకుడుకు మిర్చి ఏస్తుంటె ఆపి కట్టించుకొని వచ్చిందట! "బండి ఆగుమన్న కాడ ఆగింది, పొమ్మన్నకాడికి పోయింది, నాతోని మంచిగ మాట్లాడింది. గిదే కొంట" అన్నది. అందరికి మిర్చి పెట్టింది, డాక్టరుకు గూడ. ఆయన తిన్నడు, ఏం చేస్తడు.

వాపసు వచ్చేటప్పుడు నేను ముందట, జానీమియా భాయ్ ఎనుక. ఆయన జాగ గదే ఇగ, ఎన్నడైనా ఎనుక సీటే. "జర ఆహిస్తా బేగం, జర మెల్లగ" అనుకుంట కూసుంటుండె. గల్లీల మస్తు మాటలు అన్నరు. మజీద్ కాడ కూసునే ఒక ముసలాయన అయితే నిలదీసిండు, "ఏం జానీమియా, పెండ్లాం తోలుతుంటె నువ్వు ఎనుక సవారి చేస్తున్నవా?" అని. జానీమియా భాయ్ ఏమన్నడో ఎరికేనా? "చాచా, నాకు తోలనిస్తె మోరీల ఏస్త. ఆమెకు షేర్వానీ ఇస్తె సంచి కుడ్తది. ఎవల పని వాళ్లు చేస్తున్నం" అన్నడు. గంతే. ముసలాయన పండుగకు షేర్వానీ గూడ గాడనే కుట్టిచ్చుకున్నడు.

గా కార్ల బడికి పోవుడంటె నౌకరికి పోయినట్టే ఉండకపోతుండె బిడ్డా. జాతరకు పోతున్నట్టుండె. అద్దాలు దించుతుండె. నన్ను ఎక్కాలు అడుగుతుండె, నేను ఆమెకు పద్యం అప్పజెప్పుమంటుంటి. ఇద్దరికి ఇద్దరం తప్పులే. సీతాఫలాల కాలంల గుట్ట కింద ఆపి బుట్టకు బుట్ట కొని ఎనుక సీట్ల పెడ్తె, బళ్లెకు పొయ్యేవరకు కారంత వాసన. పెద్దసారు మాత్రం గేటు కాడ నిలబడి "వచ్చింది అగ్గిపెట్టె" అంటుండె. ఆయనకు పెద్ద అంబాసిడర్ ఉండె గద. "సర్వర్ బీ, నీ అగ్గిపెట్టెను జేబుల పెట్టుకో, ఎవలన్న బీడీ ముట్టించుకుంటరు" అంటుండె. ఆమె నవ్వి బండి పక్కకు పెడ్తుండె. నాకే కోపమొస్తుండె.

ఇగ అసలు ముచ్చట విను. గా ఏడాది పదో తరగతి పరీక్షలు. సెంటరు జగిత్యాల్ల. మొగపిల్లలు ముందే వచ్చి సుట్టాల ఇండ్లల్ల దిగిన్రు. ఆడపిల్లలను ఇంకోరింట్లకు ఎవలు పంపుతరు? పొద్దుగాల బస్సుకు వస్తరనుకున్నం. పరీక్షకు ముందటి రోజు పొద్దుమీకి రాళ్లవాన పడ్డది. ఏం రాళ్లు బిడ్డా, కోడిగుడ్లంత. రేకుల మీద పడుతుంటె ఒకరి మాట ఒకరికి ఇనరాలే. కరెంటు పోయింది, ఫోన్లు పోయినయి. తెల్లారంగనే ఇంటి ముందట హారన్. తలుపు తీస్తె సర్వర్ బీ. "బస్టాండుకు పోయొచ్చిన. బస్సులు కదుల్తలెవ్వు, దార్ల చెట్లు పడ్డయట. పిల్లలు ఆడ రోడ్డు మీద నిలబడి ఉంటరు. చల్ రత్నమాలా" అన్నది. మీ తాత లేసొచ్చి "మీకు పిచ్చి లేసిందా? కరెంటు తీగలు తెగిపడ్డయంటున్నరు" అన్నడు. నేను చెప్పులు తొడుక్కున్న. ఏమన్ననో యాదికి లేదు. ఎక్కి కూసున్న.

మల్యాల ఇంక జరంత దూరముందనంగ పెద్ద చింతచెట్టు రోడ్డుకు అడ్డం పడి ఉన్నది. దాని మీద కరెంటు తీగలు. లారీలు, ట్రాక్టర్లు వరుసకు ఆగినయి. గా వరుసల అందరికన్న ముందట మా పెద్దసారు అంబాసిడరు! ఆయన గూడ పిల్లల కోసమే మాకంటె ముందు జగిత్యాల నుంచి బయలెల్లిండు. ప్యాంటు మడిచి, బురదల నిలబడి ఉన్నడు. "ఇగ కాదు సర్వర్ బీ. గొడ్డండ్లకు మనిషిని పంపిన. చెట్టు నరికేవరకు పగటీలి పన్నెండైతది" అన్నడు. ఆ మనిషి గొంతు గట్ల పడిపోవుడు నేనెప్పుడు చూడలే. సర్వర్ బీ దిగి పక్కపొంటి చూసింది. రోడ్డు పక్కకు మక్క చేను, దాని గట్టు మీదికెల్లి ఎడ్లబండి బాట. బాటకు ఒక దిక్కు బాయి, ఒక దిక్కు కరెంటు కంబం. నడుమ జాగ ఇంతే. "సార్, ఈ చేను ఎవలది?" అని అడిగింది. "నాదే" అన్నడు. "గీ బాట కాడికి పోవాల్నంటె చేన్లకెల్లి తోలాలె. నా బండి పడ్తది" అన్నది. పెద్దసారు చేను దిక్కు చూసిండు. మక్కంత రాళ్లవానకు సగం పండుకున్నది, సగం నిలబడ్డది. నిలబడ్డదన్న చేతికొస్తదని ఎవలకైన ఆశుంటది గద. ఆయన "తోలు తల్లీ" అన్నడు. తల్లీ అన్నడు బిడ్డా! అన్నేండ్లల్ల ఎన్నడు అనలే.

తోలింది. చేను నడుమకు పొయ్యేవరకు ఎనుక టైరు దిగవడ్డది. నేను దిగి నూకుతున్న, కదులది. పెద్దసారు ఉరికొచ్చిండు. లారీ డ్రైవర్లను పిలిచిండు. "నిలబడ్డ మక్క పీకుండ్రి, టైర్ల కింద ఎయ్యుండ్రి" అని తానే పీకుతున్నడు. భుజం పెట్టి నూకిండు. టైరు తిరిగి ఆయన తెల్లంగి మొత్తం బురద. బండి ఒక్కసారి ఎగిరి బయటపడ్డది. ఇగ గా బాయికి కంబానికి నడుమ... అద్దాలు లోపలికి మడిచి, మెల్లగ, ఊపిరి పట్టుకొని పోయింది. అంబాసిడర్ అయితే గాడనే ఇరుకుతుండె. ఆ దిక్కు రోడ్డెక్కి హారన్ కొట్టింది చూడు, లారీ డ్రైవర్లు ఈలలు ఏసిన్రు. సర్వర్ బీ నాయన ఉంటే ఎంత మురుస్తుండెనో అనిపించింది నాకు.

బడి గేటు కాడ పిల్లలు నిలబడి ఉన్నరు, హాల్ టికెట్లు ఎదకు ఒత్తుకొని, కొందరు ఏడుస్తున్నరు. ఎర్ర కారు కనవడంగనే ఉరికొచ్చిన్రు. ఎంతమంది పడ్తె గంతమందిని ఒకరి ఒళ్లె ఒకరిని ఎక్కించి చెట్టు కాడికి తెచ్చింది. నేను చేను నడుమ నిలబడి చెయ్యి పట్టి దాటిస్తుంటి. అటు దిక్కు పెద్దసారు తన కార్ల ఎక్కించుకొని జగిత్యాలకు. గట్ల ఆమె ఇటు, ఆయన అటు. అందరైపోయిన్రు అనుకున్నం. పిల్లలల్ల ఒకతి "టీచర్, లీల రాలే" అన్నది. సర్వర్ బీ మొకం మారింది. లెక్కలల్ల మంచి పిల్ల, నా దాంట్ల ఇంక మంచి పిల్ల. "ఎక్కు రత్నమాలా" అన్నది.

ఊరికి జర అవతల వాళ్ల ఇల్లు. లీల నాయన రాజన్న ఇంటి కప్పు మీద ఎక్కి ఉన్నడు. గూనపెంకలు మొత్తం పలిగిపోయినయి. లోపల తల్లికి జరం, మంచం మీద పండుకున్నది. లీల మోకాళ్ల దాక లంగ ఎత్తి దోపుకొని బొచ్చెతోని నీళ్లు ఎత్తిపోస్తుంది. మమ్మల్ని చూసి బొచ్చె అట్లనే పట్టుకొని నిలబడ్డది. రాజన్న పైకెల్లే అన్నడు, "మీరే చూడుండ్రి టీచరమ్మా, ఇంట్ల నీళ్లు, బియ్యం నానినయి, దాని తల్లి లేస్తలేదు. పరీక్ష మల్ల వచ్చే ఏడు రాస్తది." సర్వర్ బీ తలెత్తి చూసి చెప్పింది, "రాజన్నా, మల్ల ఏడు నువ్వు పంపవు. గది నీకెరుక, నాకెరుక, దానికి గూడ ఎరుకే." తిట్టలే. గొంతు లేపలే. రాజన్న చేతిలున్న పెంకను పక్కకు పెట్టిండు. "మరి నీళ్లు ఎవలు ఎత్తిపోస్తరు టీచరమ్మా?" అన్నడు. గప్పుడు నా నోట్లకెల్లి వచ్చింది, "నేను పోస్త." కొంగు దోపుకొని లీల చేతులకెల్లి బొచ్చె గుంజుకున్న. పిల్ల మొత్తం తడిసి ఉన్నది. సర్వర్ బీ తన శాలువ తీసి దానికి కప్పి, చెయ్యి పట్టి కార్ల కూసోబెట్టింది. "హాల్ టికెట్?" అంటె లీల రైక లోపలికెల్లి తీసింది. చూసినవా? పొద్దటిసంది నీళ్లు పోస్తుంది గని, హాల్ టికెట్ రైకల పెట్టుకొనే పోస్తుంది.

నేను పోసిన బిడ్డా, పగటీలి దాక. రాజన్న పెంకలు సదురుతుండె, నేను నీళ్లు పోస్తుంటి. తల్లికి గంజి కాసి పెట్టిన. నడుము పడిపోయింది. ఆడ ఏమైతుందో ఏమో, అందిందో లేదో, ఒకటే బుగులు. పొద్దుమీకి గప్పుడు ఇనవడ్డది హారన్. కారు ఎర్రగ లేనే లేదు, మొత్తం బురద. ముందట లీల. దిగి ఉరికొచ్చి నన్ను పట్టుకున్నది. "లేటైంది టీచర్, పెద్దసారు గేటు కాడ బతిమిలాడిండు, కూసోనిచ్చిన్రు. మీరు చెప్పిన పద్యమే వచ్చింది" అన్నది. గా రోజు తెలుగు పరీక్షనే గద! పెద్దసారు బతిమిలాడుడేందని నేను నమ్మలే. తర్వాత ఆయన్నే అడిగిన, "మరి ఏం చెయ్యాలె రత్నమాలమ్మా, పిల్ల గట్ల శాలువ కప్పుకొని నిలబడ్డది" అన్నడు. ఇగ ఎనుక సీట్లకెల్లి ఎవలు దిగిన్రు? జానీమియా భాయ్! సర్వర్ బీ ఇంటి సంగతి చెప్పంగనే షాపు మూసి, పగలంత యూరియా సంచులు జోడించి ఇంత పెద్ద పర్దా కుట్టుకొచ్చిండు, రాజన్న ఇంటి మీద కప్పెతందుకు. కుట్టు చూడాలె నువ్వు, షేర్వానీకి ఏసినట్టే ఏసిండు.

అందరు పాసైన్రు. లీల ఇప్పుడు గంభీరావుపేట దవాఖానల పెద్ద నర్సు. మొన్న పెండ్లిల కలిసింది, తన కారు తానే తోలుకొచ్చింది. పెద్దసారు మల్ల ఎన్నడు అగ్గిపెట్టె అనలే. రిటైరైన నాడు ఆయన అంబాసిడరు గేటు ముందట పూలదండలేసుకొని నిలబడ్డది. ఆయన దాన్ని ఇడిచిపెట్టి "సర్వర్ బీ, నన్ను ఇంటికాడ దింపు" అన్నడు. ఎత్తు మనిషి, మోకాళ్లు గదుమకు తాకుతున్నయి, నెత్తి పైకి తాకుతున్నది. గట్లనే దర్జాగ కూసొని ఊరంత చూసుకుంట పోయిండు. మేమందరం గేటు కాడ చప్పట్లు కొట్టినం. గా కారు జగిత్యాల్ల ఏడ పోతున్నా జనం జరిగి తొవ్వ ఇస్తుండిరి. "సర్వర్ బీ టీచర్ బండి" అని. అంబాసిడర్‌కు గా ఇజ్జత్ ఎవలిచ్చిన్రు? మీ నాయనకు చెప్పు గీ మాట.

సర్వర్ బీ గూడ పెద్దసారు కుర్చీల కూసున్నది తర్వాత. చాన మందికి నేర్పింది, లెక్కలు గూడ, తోలుడు గూడ. నన్ను గూడ కూసో కూసో అన్నది, నేనే కూసోలే. పక్క సీటే నాకు మంచిగుండె. ఇగ ఆమెకు షుగరు వచ్చింది, కిడ్నీలు పోయినయి... ఆమె పోయి ఏండ్లాయె. పోయిన నాడు ఇంట్ల ఆడోళ్లకు నిలబడ జాగ లేదు. గా పిల్లలందరు వచ్చిన్రు, చంకల పిల్లలను ఏసుకొని. ఒకల్లకొకలు చెప్పుకుంటున్నరు, నేను మొదటి ట్రిప్పుల, నేను రెండో ట్రిప్పుల అని. లీల అయితే శాలువ తెచ్చింది. గదే శాలువ. కాళ్ల మీద కప్పింది.

మొగోళ్లు మట్టి చేసి వచ్చిన్రు. జానీమియా భాయ్ కనవడలే. దేవులాడిన్రు. నేను బయటికొచ్చి చూస్తే ఇంటి ముందట గా ఎర్ర కార్ల కూసోని ఉన్నడు, ఎనుక సీట్ల. అద్దం మీద కొట్టిన. "భాయ్, లోపటికి రా, అందరు చూస్తున్నరు" అన్న. ఆయన నా దిక్కు చూసి, మంచిగనే, ఎప్పటి తీర్గనే అన్నడు, "వస్త రత్నమాలా. బేగం రానియ్యి, తాళాలు ఆమె కాడనే ఉన్నయి."

...

లే బిడ్డా, ఏదో మాడుతున్న వాసనొస్తుంది. పొయ్యి మీద పప్పు పెట్టినవా ఏంది? ఉరుకు.